తమ్ముడి తుంటి సంగతి

రఘూ,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు ఆస్పత్రి వరండాలో ఉన్నాను. నీకు సరిగ్గా చెప్పలేకపోయాను. "మా మామ్మకి తుంటి విరిగితే లోపలి బంతి మార్చేసి మర్నాడే నడిపించారు కదా, ముప్పై ఒక్క ఏళ్ల మీ తమ్ముడిని నెలల తరబడి కాలు మోపొద్దంటారేంటి?" అన్నావు. వాడికి ప్రమాదం జరిగిన రాత్రి నేనూ డాక్టర్ని అదే అడిగాను.

మియాపూర్ దగ్గర వానలో బండి స్కిడ్ అయి డివైడర్‌కి కొట్టుకుందిరా. 108 వచ్చేసరికే కుడికాలు పొట్టిగా అయిపోయి, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. అమ్మ ఆ పాదం చూసి కూలబడిపోయింది. మా పెదనాన్న ఫోన్లో "కోత వద్దు, పుత్తూరు కట్టు కట్టిద్దాం" అని ఒకటే పట్టు.

డాక్టరు ఓపిగ్గా కాగితం మీద బొమ్మ వేసి చూపించాడు. తొడ ఎముక పైన గుండ్రటి బంతి, దాని కింద సన్నటి మెడ. బంతికి రక్తం ఎక్కువగా ఆ మెడను పట్టుకుని పైకి ఎక్కే సన్నటి నాళాల నుంచే వస్తుందట. మెడ విరిగి పక్కకి జరిగితే అవి తెగుతాయి, లేదా నలుగుతాయి. రక్తం అందకపోతే బంతి చచ్చిపోతుంది. ఇదంతా కీలు లోపల, లోతున జరిగే వ్యవహారం. బయటి కట్టుతో ముక్కలు కదలకుండా ఆపలేం. పెదనాన్నకి ఈ మాట చెప్పడానికి నాకు అరగంట పట్టింది.

మామ్మ వయసులో వెంటనే మంచం దిగడం ముఖ్యం, అందుకే బంతి మార్చేస్తారు. కానీ కృత్రిమ కీలు అరుగుతుంది. వీడి ముందు ఇంకా నలభై ఏళ్లుంది, మళ్లీ మళ్లీ మార్చాల్సి రావచ్చు. అందుకే సొంత బంతిని కాపాడటానికే ముందు ప్రయత్నిస్తారు. ఆలస్యం చేయకుండా ఆ రాత్రే ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లారు.

చాలామందికి మూడు బోలు స్క్రూలు త్రికోణంలా వేస్తారట. వీడికి విరిగిన గీత బాగా నిటారుగా ఉంది. అలా ఉంటే బరువు పడ్డప్పుడల్లా పై ముక్క జారిపోవాలని చూస్తుంది. పావెల్స్ అనే జర్మన్ డాక్టరు 1935లోనే ఆ గీత వాలును బట్టి ఇలా మెడ విరగడాన్ని మూడు రకాలుగా విడదీశాడట. అందుకే వీడికి ప్లేటు, దాంతో ఒక పెద్ద స్క్రూ, తోడుగా ఇంకొకటి వేశారు. స్క్రూలు ఎన్ని వేసినా ముందు విరిగిన ముక్కలు సరిగ్గా కుదరడమే ముఖ్యమన్నాడు. ఆపరేషన్ చేస్తూనే ఎక్స్‌రే చూపించే సీ-ఆర్మ్ యంత్రంలో చూస్తూ కుదర్చడానికే చాలాసేపు పట్టిందట.

ఇప్పుడు ఇంట్లో వాకర్‌తో నడుస్తూ, ఆ కాలి వేలికొస మాత్రం నేలకి ఆనిస్తున్నాడు. సిగరెట్ కాలిస్తే ఎముక అతకడం ఆలస్యమవుతుందని అమ్మ ఎదుటే డాక్టరు వాడికి చెప్పాడు. ఆ రోజు నుంచి ముట్టలేదు. నాకు చాలా సంతోషంగా ఉంది.

నా భయం మాత్రం తీరలేదురా. ఎముక అతికినా, బంతి దెబ్బతిన్న సంగతి రెండేళ్ల వరకూ బయటపడొచ్చట. గజ్జల్లో నొప్పి అంటే వెంటనే తీసుకురమ్మన్నారు. రాత్రుళ్లు వాడు అటూ ఇటూ కదిలితే లేచి కూర్చుంటున్నాను.

వచ్చే శనివారం ఎక్స్‌రే ఉంది. మాది రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. వాడిని కుర్చీలో దింపాలి. నువ్వొచ్చి ఒక పక్క పట్టుకో. శుక్రవారం రాత్రికే వచ్చెయ్. వాడు రోజూ నిన్నే అడుగుతున్నాడు.

నీ,
శీను