నీ ముక్కు గురించి

బంగారూ,

మొన్న ఫోనులో నువ్వు ముక్కుకు ఆపరేషన్ చేయించుకుంటానంటే, "నీ ముక్కుకేం, లక్షణంగా ఉంది" అని మాట తుంచేశాను. ఆ తరువాత నువ్వు నోరు విప్పలేదు. రెండు రోజులుగా నా మనసు మనసులో లేదు.

నా ఎడమ మోచేతి కింద కాలిన మచ్చ నీకు తెలుసు. చిన్నప్పుడు దాని మీద వేలితో రాస్తూ, మైనంలా నున్నగా ఉందనేదానివి. అది నాకు పదకొండో ఏట పడింది. ముప్పై ఏళ్లు వచ్చేదాకా మండుటెండలో కూడా మణికట్టు దాకా చేతులున్న బట్టలే వేసుకున్నాను. అందం కోసం కాదు. ఎదుటివాళ్ల చూపు నా ముఖం మీంచి చేతి మీదకు జారే ఆ ఒక్క క్షణాన్ని భరించలేక.

1917లో ఇంగ్లండులోని సిడ్కప్‌లో, యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకోసం ఆసుపత్రి తెరిచారు. హెరాల్డ్ గిలీస్ అనే డాక్టరు ఒంటి మీద వేరే చోటి చర్మంతో వాళ్లకు ముక్కులు, పెదవులు మళ్లీ కట్టాడు. ఊళ్లోకి వెళ్లే దారిలో కొన్ని బల్లలకు నీలిరంగు వేశారట, అక్కడ కూర్చునేది ఆ సైనికులేనని ముందే తెలిసి జనం ఉలిక్కిపడకుండా. అది చదివి పుస్తకం మూసేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఎవరూ తిరిగి చూడకుండా వీధిలో నడిచిపోవాలన్న ఆశ నాకు తెలుసు.

మనిషిని పోగొట్టుకుని జుట్టు కత్తిరించుకునేవాళ్లున్నారు, పచ్చబొట్టు పొడిపించుకునేవాళ్లున్నారు. లోపల అంత మారిపోయాక అద్దంలో పాత ముఖమే కనిపిస్తే ఎలా ఓర్చుకుంటారు? దాన్ని సోకు అనడం అన్యాయం.

ఒక్కటి చెప్పు తల్లీ. నీ ముక్కు నీకు ఎప్పటినుంచి నచ్చడం లేదు? ఎవరైనా ఏమన్నా అన్నారా? ఫోటోలు చూసి అయితే ఒక సంగతి విను: అడుగు దూరంలో ఫోను పెట్టి తీస్తే, ఐదడుగుల నుంచి తీసినదానికంటే ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా పడుతుందని 2018లో డాక్టర్లు లెక్కగట్టారు. అద్దం ముందే గంటలు గడిచిపోతున్నాయంటే మాత్రం ముందు మనసు డాక్టరును కలుద్దాం. ఆ బాధ ఆపరేషనుతో తగ్గడం అరుదు, కన్ను ఇంకో లోపం వెతుక్కుంటుంది.

ఇవన్నీ ఆలోచించుకున్నాక కూడా కావాలనే అనిపిస్తే నేనూ వస్తాను. వాపు పూర్తిగా తగ్గి అసలు ఆకారం తేలడానికి ఏడాది దాకా పడుతుంది. మొదటి వారాలు నీ దగ్గరే ఉండేలా సెలవు పెడతాను, తేదీ ముందుగా చెప్పు.

అమ్మ