వారోత్సవంలో ఏం జరిగింది, ఇకపై మా మైకు సెట్ల దుకాణం ఎలా నడుస్తుంది

మా దగ్గర మైకు సెట్లు అద్దెకు తీసుకునే పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

గత వారం మన తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయంలో ఏడు రోజులపాటు అందరికీ ఉచిత ప్రవేశంతో ఉపన్యాసాలు, పాత సినిమాల ప్రదర్శనలు, సంగీత కచేరీలు జరిగాయి. వాటికి ధ్వని ఏర్పాట్లు మొదటి రోజు నుండి చివరి రోజు వరకు మా దుకాణమే చేసింది. మీలో చాలామంది అక్కడికి వచ్చారు. బాగుందన్నవారు ఉన్నారు, మూడో రోజు వెనుక వరుసల్లో ఏమీ వినపడలేదని మరునాడు దుకాణానికి వచ్చి కోప్పడినవారూ ఉన్నారు. ఇద్దరి మాటా నిజమే కాబట్టి జరిగింది జరిగినట్టు మీ ముందు పెట్టడం నా బాధ్యత.

ముందుగా చంద్రగిరి పెళ్లివారికి క్షమాపణ చెప్పుకోవాలి. మాఘమాసపు ముహూర్తానికి వారు రెండు నెలల ముందే అడ్వాన్సు ఇచ్చారు. వారోత్సవం పని తరువాత వచ్చింది. రెండూ చేయగలనని నమ్మి మంచి బాక్సులను, మైకుల ధ్వనులను కలిపి సరిచేసే కొత్త మిక్సరును విశ్వవిద్యాలయానికి పంపి, పెళ్లికి పాత సెట్టును, పనిలో చేరి మూడు నెలలైనా కాని కుర్రవాణ్ణి పంపాను. నాదస్వరం మొదలైనప్పుడు బాక్సు పగిలినట్టు మోగిందని, తలంబ్రాల వేళకు మైకు పూర్తిగా ఆగిపోయిందని ఆ ఇంటి పెద్దాయన చెబుతుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. వారు ఇవ్వవలసిన బాకీని వదులుకోవడమే కాకుండా అడ్వాన్సు మొత్తాన్ని వారికి తిరిగి ఇచ్చివేశాను. పెళ్లి మళ్లీ జరగదు కాబట్టి డబ్బు తిరిగి ఇచ్చినంత మాత్రాన ఆ తప్పు తీరిపోదని నాకు తెలుసు.

అయినా ఆ వారోత్సవం పనిని ఎందుకు ఒప్పుకున్నానని అడిగినవారికి నా సమాధానం ఇది. మా నాన్నగారు గొట్టం మైకులతో ఈ పని మొదలుపెట్టారు. తాతయ్యగుంట గంగమ్మ జాతరకు, వీధి హరికథలకు స్తంభాలెక్కి మైకులు కట్టేవారు. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో మహిళా విశ్వవిద్యాలయం వెలసిన ఊరు మనది. చదువుకున్నవారు మాట్లాడుతుంటే గేటు బయటి మనుషులు కూడా లోపలికి వెళ్లి వినగలిగే సందర్భం వచ్చినప్పుడు, ఆ మాట చివరి కుర్చీ దాకా చేర్చే పని మన చేతిలో ఉండాలన్నది ఆయన కోరిక. నా కోరికా అదే. ఆ కోరికతోనే చేయగలిగినదానికన్నా ఎక్కువ ఒప్పుకున్నాను.

ఇక మూడో రోజు సంగతి. ఆ సాయంత్రం ఉపన్యాసం తాళ్లపాక వారి రాగిరేకుల గురించి. అన్నమయ్య (1408–1503) సంకీర్తనలు చెక్కిన ఆ రేకులలో ప్రతి పాట మీదా రాగం పేరు ఉంటుంది కానీ స్వరం ఉండదని, పండితులు వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారి కృషితో ఆ పాటలు అచ్చులోకి, మళ్లీ జనం గొంతుల్లోకి ఎలా వచ్చాయో వక్త వివరిస్తున్నారు. ఆయన వయసు మళ్లినవారు, మెల్లగా మాట్లాడతారు. పోడియం దగ్గర కదలకుండా నిలబడటం కష్టమన్నారని కాలర్ మైకు పెట్టాము. ఉదయం సభలో వాడిన బ్యాటరీలనే సాయంత్రానికీ ఉంచేశాము. సరిగ్గా రేకుల మీద లిపి గురించి చెబుతుండగా మైకు ఆగిపోయింది. మా కుర్రవాడు కొత్త బ్యాటరీల కోసం వ్యాన్ దగ్గరికి పరుగెత్తాడు, వ్యాన్ తాళం నా జేబులో ఉంది, నేను వెనుక బాక్సుల దగ్గర ఉన్నాను. చేతి మైకు ఇవ్వబోతే ఆయన వద్దని సైగ చేసి గొంతు పెంచి మాట్లాడసాగారు. మాట తెగనివ్వకూడదని మేమూ వేదిక ఎక్కలేకపోయాము. అలా పన్నెండు నిమిషాలు గడిచాయి. ఆ పన్నెండు నిమిషాలూ ముందు నాలుగు వరుసలవారే విన్నారు. రెండు పెన్సిల్ బ్యాటరీల ఖరీదు ఎంతో మీకు తెలుసు.

అంతకు ముందు రెండు రోజులూ మాట స్పష్టంగా వినపడడానికి మేము పడిన శ్రమ కూడా చెప్పాలి, ఎందుకంటే మీలో చాలామంది సభలకు మైకు తీసుకునేటప్పుడు అడిగే మొదటి మాట ‘సౌండు గట్టిగా ఉండాలి’ అనే. మాటలోని బలమంతా అచ్చులలో, అంటే లోతుగా మోగే కింది స్థాయిలో ఉంటుంది. ఒక మాటను ఇంకొక మాట నుండి వేరుచేసే హల్లుల స్పష్టత ఎక్కువగా 2,000 నుండి 4,000 హెర్ట్జ్ (సెకనుకు కంపనాల లెక్క) మధ్య ఉంటుంది. ఎత్తైన కప్పు, నున్నటి గోడలు ఉన్న హాలులో వాల్యూము పెంచిన కొద్దీ అచ్చులు గోడలకు తగిలి మోగుతూ హల్లులను మింగేస్తాయి. అందుకే వాల్యూము తగ్గించి, హాలు మధ్యలో మరో రెండు చిన్న బాక్సులు పెట్టాము. ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు ప్రయాణిస్తుంది. వేదిక నుండి 20 మీటర్ల దూరంలోని బాక్సుకు తీగ ద్వారా మాట తక్షణమే చేరితే, గాలిలో వచ్చే అదే మాట 58 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యాన్ని మధ్య బాక్సులకూ కలిపితేనే రెండు గొంతులు ఒక్క గొంతవుతాయి. ఇంకొక విషయం, ఖాళీ హాలులో సరిచేసిన ధ్వని జనం నిండాక మారిపోతుంది, మనుషులూ వారి బట్టలూ ప్రతిధ్వనిని పీల్చుకుంటారు కాబట్టి సభ మొదలయ్యాక మొదటి పది నిమిషాలు మనిషి మిక్సరు దగ్గరే ఉండాలి.

సినిమాల విషయంలో మాకు మంచి పాఠం నేర్పింది, పేరులోనే చిత్తూరును మోసిన వి. నాగయ్యగారి 1946 నాటి ‘త్యాగయ్య’. ఆయనే నటించి, దర్శకత్వం వహించి, సంగీతమూ కూర్చిన చిత్రం అది. ఆ కాలపు సినిమాలకు ఒకే ఒక్క శబ్దమార్గం ఉంటుంది. మేము అలవాటుగా తెరకు రెండు వైపులా పెద్ద బాక్సులు పెట్టి, కింద బేస్ బాక్సులు కలిపాము. పరీక్షగా రెండు నిమిషాలు వేసి చూస్తే పాత ఫిలిము గరగర గర్జనలా వినపడింది, నాగయ్యగారి గొంతు ఎక్కడో బావిలో నుండి వస్తున్నట్టుంది. బేస్ బాక్సులు తీసేసి, పక్క బాక్సులు ఆపేసి, తెర కిందనే మధ్యలో ఒకే ఒక బాక్సు పెట్టి, దాని కింది, పై స్థాయిలు రెండూ కొద్దిగా కోశాము. అప్పుడు పాట బొమ్మలోని నోటి నుండి వచ్చినట్టు వచ్చింది. తగ్గించడమే మంచి ధ్వని అయిన సందర్భం అది. ప్రదర్శన అయ్యాక ఒక పెద్దావిడ మా బల్ల దగ్గరకు వచ్చి, ప్రతి మాటా వినపడింది నాయనా అన్నారు.

చివరి రోజు వీణ కచేరీలో మొదటి కీర్తన అంతా సన్నగా ‘గుయ్’మనే హోరు వచ్చింది. కరెంటు పౌనఃపున్యం 50 హెర్ట్జ్. ఎర్తింగు సరిలేకపోతే 50, 100 హెర్ట్జ్‌ల దగ్గర ఆ హోరు పడుతుంది. వీణలో లోతుగా మోగే మంద్ర, అనుమంద్ర తీగల నాదం కూడా ఆ దాపులోనే ఉంటుంది కాబట్టి మిక్సరులో హోరును కోస్తే వీణ గాంభీర్యమూ పోతుంది. వెతికితే తేలిందేమిటంటే, రికార్డింగు కోసం మేము పెట్టిన ల్యాప్‌టాప్ చార్జరు వేరే గోడ ప్లగ్గులో ఉంది. దాన్ని పీకగానే హోరు ఆగింది. వైణికురాలు మా వైపు చూసి చిన్నగా తల ఊపి రెండో కీర్తన ఎత్తుకున్నారు. ఆ దోషం కచేరీకి ముందే పట్టుకోవలసింది.

ఇకపై మా దుకాణంలో ఈ పద్ధతులు పాటిస్తాము. ఒక రోజుకు ఒకే పెద్ద కార్యక్రమం ఒప్పుకుంటాము. ముందు అడ్వాన్సు ఇచ్చినవారిదే ఆ రోజు, తరువాత ఎంత పెద్దవారు అడిగినా సరే. సభ మొదలవడానికి రెండు గంటల ముందు హాలు తాళం మా చేతికి ఇవ్వాలి. కాలర్ మైకులకు ప్రతి సభకూ కొత్త బ్యాటరీలు మా ఖర్చుతోనే వేస్తాము, వేదిక పక్కన తీగ మైకు ఒకటి సిద్ధంగా ఉంటుంది. అనుభవం ఉన్న మనిషి చివరిదాకా ఉంటాడు. ఈ కారణంగా చిన్న హాలు సెట్టు అద్దె 6,000 రూపాయల నుండి 7,500 అయింది. బడులకు, ప్రవేశ రుసుము లేని సాహిత్య సభలకు పాత ధరే. శబ్ద కాలుష్యంపై 2000 నాటి నిబంధనల ప్రకారం రాత్రి 10 గంటల తరువాత బయట మైకులు మోగించకూడదు. ఎంత బతిమాలినా ఆ వేళకు ఆపేస్తాము, దయచేసి కార్యక్రమాన్ని ఆ లెక్కన వేసుకోండి.

చివరగా మీ సహాయం ఒకటి కావాలి. ఉపన్యాసాలన్నిటినీ మిక్సరు నుండి రికార్డు చేసి విశ్వవిద్యాలయానికి ఇచ్చాము. మూడో రోజు రికార్డింగులో ఆ పన్నెండు నిమిషాలు ఖాళీగా ఉన్నాయి. ముందు వరుసల్లో కూర్చున్నవారిలో ఎవరైనా ఫోనులో రికార్డు చేసి ఉంటే, ఎంత అస్పష్టంగా ఉన్నా పరవాలేదు, దయచేసి దుకాణానికి తీసుకురండి. ఫ్యాన్ల చప్పుడు వీలైనంత తీసివేసి, ఆ భాగాన్ని సరైన చోట అతికి, వక్తగారికి ఒక ప్రతి, మీకు ఒక ప్రతి ఇస్తాను. ఉదయం పది నుండి రాత్రి ఎనిమిది వరకు నేను దుకాణంలోనే ఉంటాను.