చిన్నా, ఆ ట్యాంకుకి మంట తగలనివ్వకు

వాదీ కబీర్, మస్కట్

చిన్నా,

నువ్వు, అమ్మ, మరదలు, పిల్లలు అందరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. నేనిక్కడ బాగానే ఉన్నాను. ఎండలు మాత్రం మండిపోతున్నాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ రూలు ఉంది కాబట్టి ఆ వేళకి కాస్త నీడపట్టున ఉంటున్నాం. ఈ ఉత్తరం కూడా ఆ టైములోనే రాస్తున్నాను.

నాన్నగారి యెజ్డీ మోటారు సైకిలు పెట్రోలు ట్యాంకు కారుతోందని, ఆదివారం మలికిపురంలో వెల్డింగ్ షాపుకి తీసుకెళ్తానని నువ్వు ఫోన్‌లో అన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ఫోన్‌లో వద్దన్నానే గానీ ఎందుకు వద్దో సరిగా చెప్పలేకపోయాను. కాగితం మీద ఉంటే నువ్వు నిదానంగా చదువుకుంటావు, పని చేసే అతనికి కూడా చూపించొచ్చు. ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతున్నాను, దీన్ని చదివాకే బండి ముట్టుకో.

ముందు అసలు విషయం. "పెట్రోలంతా తీసేశాను, ట్యాంకు ఖాళీయే కదా అన్నయ్యా" అన్నావు. ఆ ఖాళీయే ప్రమాదం. మండేది పెట్రోలు కాదు, దాని ఆవిరి. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య కలిస్తే చాలు, నిప్పు తగలగానే పేలుతుంది. నిండు ట్యాంకులో గాలికి చోటుండదు. ఖాళీ ట్యాంకులో గాలీ ఆవిరీ రెండూ ఉంటాయి, చుట్టూ రేకు మూసి ఉంటుంది. పెట్రోలు సున్నాకి 40 డిగ్రీల దిగువన కూడా అంటుకునేంత ఆవిరి వదులుతుంది, ఇక మన కోనసీమ ఎండలో చెప్పేదేముంది? రెండు రోజులు మూత తీసి ఎండలో పెట్టినా సరిపోదు. తుప్పు పొరల్లో, అతుకుల మడతల్లో ఇంకిన పెట్రోలు రేకు వేడెక్కగానే మళ్లీ ఆవిరై బయటికొస్తుంది. గ్యాస్ వెల్డింగ్ మంట 3000 డిగ్రీలు దాటుతుంది. ఇలాగే ఖాళీ ట్యాంకు మీద మంట పెట్టి చెయ్యి పోగొట్టుకున్న మనిషిని నేనిక్కడ కళ్లారా చూశాను. వయసులో నీకంటే చిన్నవాడు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మొన్న మా గ్యారేజీకి ఒక పాత ల్యాండ్ క్రూయిజర్ వచ్చింది. 40 సిరీస్, 1979కి ముందుది. వాటిలో పెట్రోలు ట్యాంకు పక్క సీటు కిందే ఉంటుంది. నిజ్వా వైపు కొండ ఊళ్లో ఉండే పెద్దాయనది, వాళ్ల నాన్న వాడిన బండి. లోపల కూర్చుంటే పెట్రోలు వాసనకి తల తిరుగుతోందని తెచ్చాడు. ట్యాంకుకీ దాని కింద ఉండే రక్షణ రేకుకీ మధ్య ఇసుక చేరి, తేమ పట్టి, బయటి నుంచి తుప్పు తినేసింది. లోపల చూస్తే అడుగున నీళ్లు నిలిచి అక్కడా తుప్పే. పెద్దాయన తొందర పెట్టలేదు, "ఎన్ని రోజులైనా సరే, ఇదే ట్యాంకు ఉండాలి" అన్నాడు. నాకు వెంటనే నాన్నగారు గుర్తొచ్చారు. అందుకే ఆ పని నేనే అడిగి తీసుకున్నాను.

మా ఫోర్‌మన్ మలయాళీ, ఈ విషయంలో చాలా కచ్చితమైన మనిషి. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయించాడు. పెట్రోలు ఆరుబయట తోడించాడు. గ్యారేజీలో బండి కింద పని చేసే గుంత మీద పెట్టి తోడకూడదు, పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు కాబట్టి గుంతలోకి దిగి అక్కడే ఉండిపోతుంది. ప్లాస్టిక్ బకెట్ వాడనివ్వలేదు, స్టాటిక్ కరెంటు పుడుతుందని ఇనప క్యాను పెట్టించాడు. నువ్వు కూడా అలాగే చెయ్. నోటితో పైపు పీల్చే పని మాత్రం అసలు పెట్టుకోకు.

తర్వాత వేడి సబ్బు నీళ్లతో మళ్లీ మళ్లీ కడిగాం, యంత్రంతో చాలాసేపు నీటి ఆవిరి పట్టించాం. చివర్న పెట్రోలు ఆవిరి ఎంతుందో చూపించే గ్యాస్ మీటర్ గొట్టం లోపలికి పెట్టి, సున్నా చూపించాకే పని మొదలుపెట్టనిచ్చాడు. మన ఊళ్లో ఆ మీటర్ దొరకదు. ముక్కుతో వాసన చూసి నిర్ణయించడం నాకు ఇష్టం లేదు. కాబట్టి కడగడం పూర్తయ్యాక, చిల్లు ఉన్న వైపు పైకి పెట్టి, చిల్లుకి కొంచెం కింద దాకా నీళ్లు నింపి, మూత తీసే ఉంచి పని చేయించు. లోపల ఆవిరి చేరడానికి చోటు దాదాపుగా ఉండదు.

మరి ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలి అంటావు. వెల్డింగ్ షాపు వద్దు, రేడియేటర్లు బాగుచేసే అతని దగ్గరికి వెళ్లు. అమలాపురంలోనో, రాజోలులోనో దొరుకుతాడు. పాతకాలం ట్యాంకులకి ఎక్కువగా సీసం, తగరం కలిపిన పూత పూసిన రేకు వాడేవారు, దాని మీద మాటు బాగా పడుతుంది. నాన్నగారి ట్యాంకు మామూలు రేకే అయినా శుభ్రంగా గీకితే పడుతుంది. చిన్నప్పుడు వీధుల్లోకి వచ్చి బిందెలకి మాట్లు వేసేవాళ్లు చూడు, అదే పని. తగరం, సీసం కలిసిన మాటు సుమారు 190 డిగ్రీలకే కరుగుతుంది. మంట ట్యాంకు దగ్గరికి రానక్కర్లేదు, రాగి కడ్డీని దూరంగా కాల్చుకొచ్చి అంటిస్తారు. అలాగని కడగకుండా చేయించకు, కాలిన కడ్డీ కూడా ఆవిరిని అంటించగలదు.

మాటు నిలబడాలంటే రేకు తళతళ మెరవాలి. పెయింటు, తుప్పు అంతా ఎమరీ కాగితంతో తీసి, మాటు అంటుకోవడానికి నవాసారమో ఆసిడ్ ఫ్లక్సో రాసి, ముందు చుట్టూ పల్చగా కళాయి పూయాలి. సూదిమొన చిల్లు ఒక్కటే ఉంటే చుక్క చాలు. చిల్లులు గుంపుగా ఉంటే అక్కడ రేకు పల్చబడిపోయినట్టే, పల్చటి ఇత్తడి రేకు ముక్క కోసి పైన అతికించమను.

అయితే అంతకుముందు లోపలి తుప్పు తీయాలి. ఈ వరస మార్చొద్దు. ముందు మాటు వేసి తర్వాత తుప్పు తీస్తే, తుప్పు అడ్డుపడి మూసుకున్న చిల్లులు కొత్తగా తెరుచుకుంటాయి. ట్యాంకులో సన్న గొలుసు వేసి బాగా ఊపు. నట్లు, గులకరాళ్లు వేస్తే మూలల్లో ఇరుక్కుంటాయి, గొలుసైతే లాగితే వచ్చేస్తుంది. తర్వాత వెనిగర్ నిండా పోసి ఒకటి రెండు రోజులు ఉంచు. నిమ్మ ఉప్పు నీళ్లయినా పనిచేస్తాయి. పారబోశాక వంట సోడా నీళ్లతో కడిగితే ఆమ్లం విరిగిపోతుంది. ఆ తర్వాత ఆలస్యం చేయకూడదు, తడి ఇనుము గంటలోనే మళ్లీ ఎర్రబడుతుంది. వెంటనే ఆరబెట్టాలి. లోపల పూతలా పట్టే సీలర్ మందు పోయించేటట్టయితే నూనె తగలనివ్వకు, అంటుకోదు. సీలర్ డబ్బా మీద, పెట్రోల్లో కలిపే ఇథనాల్‌కి తట్టుకుంటుందని రాసి ఉంటేనే కొను.

ఇథనాల్ సంగతి ఎందుకంటున్నానంటే, మన బంకుల్లో ఇప్పుడు వచ్చేది ఇ20, అందులో 20 శాతం ఇథనాలే. అది తేమని పీల్చుకుంటుంది. నీరు మరీ ఎక్కువైతే ఇథనాలూ నీరూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. మన బండి షెడ్డులో సగం ట్యాంకుతో నెలల తరబడి నిలబడి ఉంటోంది. వానాకాలం రాత్రిళ్లు చల్లబడినప్పుడు ఖాళీగా ఉన్న పై భాగంలో తేమ చెమ్మగిల్లి కిందికి జారుతుంది. యెజ్డీ ట్యాంకు ఫ్రేముకి అటూ ఇటూ దిగి ఉంటుంది కదా, పెట్రోలు ట్యాప్ లేని వైపు చేరిన నీరు బయటికి పోయే దారే లేదు. అక్కడి నుంచే తినేసి ఉంటుందని నా అనుమానం. బాగయ్యాక కూడా బండిని నిలబెట్టేటప్పుడు ట్యాంకు నిండా ఉంచు, లేకపోతే పూర్తిగా తీసి ఆరబెట్టి ఉంచు. పాత రబ్బరు పైపు కూడా మార్చెయ్.

ఇంకో మాట. కారేది నిజంగా ట్యాంకేనా అని చూశావా? చాలాసార్లు ట్యాప్ దగ్గర వాషర్ ఎండిపోయి కారుతుంది, ఆ పెట్రోలు రేకు వెంట జారి ఇంకెక్కడో బొట్టు కడుతుంది. తుడిచి, ఆరాక, సుద్దపొడి చల్లి చూడు. ఎక్కడ ముందు తడుస్తుందో అదే చోటు. వాషర్ అయితే ఇంత పనే ఉండదు.

ఈలోగా బండి కదిలించక తప్పకపోతే, కారే చోట బట్టల సబ్బు తడిపి గట్టిగా రుద్దు. సబ్బు పెట్రోల్లో కరగదు, ఇంటికి చేరేదాకా ఆగుతుంది. పాత డ్రైవర్లందరికీ తెలిసిన పనే. ఎం-సీల్ కూడా కొన్నాళ్లు ఆగుతుంది. కానీ అది ఆగింది కదా అని అలాగే తిరగకు. లోపల తినేది తింటూనే ఉంటుంది, ఇంజన్ వేడి పక్కనే ఉంది.

మాటు వేశాక పరీక్ష చేయకుండా పెట్రోలు పోయొద్దు. రంధ్రాలన్నీ మూసి సైకిల్ పంపుతో కొంచెం, చాలా కొంచెం గాలి కొట్టి, సబ్బు నురగ పూసి చూడాలి. గట్టిగా కొడితే ట్యాంకు ఉబ్బిపోతుంది. ల్యాండ్ క్రూయిజర్‌కి ఇలా చూస్తే అతుకు దగ్గర ఒక బుడగ వచ్చింది, మళ్లీ మాటు వేశాను. ఆ తర్వాత పెట్రోలు పోసి రాత్రంతా పేపరు మీద పెట్టాం. తెల్లారి పేపరు పొడిగా ఉంది. పెద్దాయన వచ్చి చూసుకుని, అందరికీ ఖర్జూరాలు, కహ్వా అనే ఇక్కడి కాఫీ తెప్పించాడు.

ఆ యెజ్డీ మీద నాన్నగారు మనిద్దరినీ అంతర్వేది తీర్థానికి తీసుకెళ్లారు, నువ్వు ట్యాంకు మీద, నేను వెనక. మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడిన తర్వాత కూడా ఆయన దాన్ని అమ్మలేదు. దాన్ని నిలబెడదామని నువ్వు అనుకోవడం నాకు ఎంత సంతోషమో మాటల్లో చెప్పలేను. కానీ బండికంటే నువ్వు ముఖ్యం. అమ్మకి నువ్వే దిక్కు.

రేడియేటర్ షాపు అతను ఎంత అడిగినా బేరం ఆడకు, డబ్బు నేను పంపుతాను. అతను తొందరగా చేసేస్తానంటే మాత్రం ట్యాంకు వెనక్కి తీసుకుని వచ్చెయ్. విప్పాక ట్యాంకు అడుగు, ట్యాప్ మర, మూత రబ్బరు ఫొటోలు తీసి పంపు. వాషర్, మూత రబ్బరు ఆ కొలతకి ఇక్కడ దొరికితే సెలవుకి వచ్చేటప్పుడు తెస్తాను. పని చేసే చోటికి పిల్లల్ని తీసుకెళ్లకు.

అమ్మకి నా నమస్కారాలు చెప్పు. బీపీ మాత్రలు మానకుండా వేసుకోమను.

ఇట్లు,
మీ అన్నయ్య