షార్ట్‌వేవ్ రేడియోకు తెలుగు కరపత్రం కావాలి

సంపాదకులకు నమస్కారం.

దూరదేశాల ప్రసారాలు కూడా పట్టే షార్ట్‌వేవ్ రేడియో కొన్నవారిలో చాలామంది కొద్దిరోజులకే దాన్ని అటక ఎక్కిస్తున్నారు. లోపం సెట్టుది కాదు, వాడకం చెప్పే దిక్కు లేకపోవడం. నా రేడియో టెక్సన్ పీఎల్-660తో వచ్చిన వాడకం పుస్తకంలో తెలుగు ముక్క లేదు.

ఈ సెట్లలో ఆకాశవాణి కేంద్రాలు వినిపించే మీడియం వేవ్ కూడా ఉంటుంది. మన దేశంలో ఆ స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్. సెట్టులో ఆ ఎడం 10 మీద ఉంటే మీట నొక్కినప్పుడు 830 నుంచి 840కి దూకుతుంది, 837 మీద వచ్చే విజయవాడ కేంద్రం మధ్యలో జారిపోతుంది. మీడియం వేవ్‌కు ఏరియల్ లాగి లాభం లేదు. ఆ ప్రసారాలను పట్టే లోపలి ఫెర్రైట్ కడ్డీకి అనువుగా సెట్టునే తిప్పాలి. షార్ట్‌వేవ్‌కు మాత్రం ఏరియల్ పూర్తిగా లాగాలి. పగలు 15 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల, రాత్రి 6, 7 మెగాహెర్ట్జ్ దగ్గర వెతకాలి. ఎల్‌ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు ఆపితే సగం గోల తగ్గుతుంది.

అసలు రుచి ఎస్‌ఎస్‌బీలో, అంటే సింగిల్ సైడ్‌బ్యాండ్ అనే ప్రసార పద్ధతిలో ఉంది. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర బాతు అరుపులా వినిపించేవి హామ్‌ల మాటలు, అంటే లైసెన్సుతో సరదాకు రేడియోలో మాట్లాడుకునేవారివి. సెట్టులో ఎల్‌ఎస్‌బీ (ఎస్‌ఎస్‌బీలో ఒక రకం) ఎంచుకొని, పక్కనున్న, ఫ్రీక్వెన్సీని సూక్ష్మంగా సర్దే చక్రాన్ని వెంట్రుకవాసి తిప్పితే ఆ అరుపు కాస్తా స్పష్టమైన మనిషి గొంతవుతుంది. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలం చేసి ఫోన్లు మూగబోయినప్పుడు సమాచారం చేరవేయడంలో ఈ హామ్‌లు తోడ్పడ్డారు. తీరప్రాంతంలో ఉన్నవాళ్లం ఈ విద్యను చులకన చేయకూడదు.

అమ్మేవారు ప్రతి సెట్టుతో ఒక పేజీ తెలుగు కరపత్రం ఇవ్వాలి. మీ పత్రిక కూడా తుపాను కాలానికి ముందే ఆకాశవాణి కేంద్రాల ఫ్రీక్వెన్సీలను ప్రచురించాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి