చందనానికి ఆడ, మగ అరలెందుకు?

సంపాదకులకు నమస్కారం.

లె లాబో సంస్థ 2011లో విడుదల చేసిన శాంటాల్ 33 అనే సెంటును నేను కొంతకాలంగా వాడుతున్నాను. చల్లుకోగానే యాలకుల ఘాటు, దేవదారు చెక్క వాసన ముక్కుకు గట్టిగానే తగులుతాయి. క్రమంగా అవి తగ్గి, తోలు వాసన కలిసిన చందనం మణికట్టు మీద నిలిచి, సాయంత్రం చొక్కా విప్పేటప్పుడు కూడా కాలరు దగ్గర తెలుస్తూనే ఉంటుంది. సాన మీద అరగదీసిన మన గంధంలోని కమ్మదనం ఇందులో లేకపోవడం మాత్రం నాకు లోటే. స్త్రీ పురుషులిద్దరి కోసం చేసిన ఈ పరిమళం నా భార్యకూ చక్కగా నప్పింది. పెళ్లిపందిట్లో అందరికీ ఒకే గంధం పూసే మన ఊళ్లలో దుకాణాలు సెంట్లను ఆడ, మగ అరలుగా విడదీయడం నాకు సబబుగా తోచడం లేదు. మీ ఫ్యాషన్ పేజీలోనైనా పరిమళాలను వాసనను బట్టి పరిచయం చేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, విజయవాడ