బిల్లు బాబ్జీకి పంపావటగా

పటమట,
విజయవాడ.

చిన్నా,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ నాన్నకి మోకాళ్ల నొప్పులు కాస్త నయం. పైవాటా ఖాళీ అయింది, టులెట్ బోర్డు పెట్టాం. ఫోన్ చేస్తే 'మీటింగులో ఉన్నానమ్మా' అంటావు, మళ్లీ నీ అంతట నువ్వు చెయ్యవు. సీతక్క కొడుకు గుంటూరు వస్తున్నాడని తెలిసి గోంగూర పచ్చడితో పాటు ఈ ఉత్తరం కూడా ఇచ్చి పంపుతున్నాను.

నీ కారు బ్రేకుల బిల్లు ఫోటో తీసి బాబ్జీకి పంపి, 'రేటు న్యాయంగానే ఉందా బావా' అని అడిగావటగా. బాబ్జీ చేసేది ఇన్సూరెన్సు ఆఫీసులో. వాడు దాన్ని తిన్నగా మాకే పంపాడు, మావయ్యని అడిగి చెప్పమని. ఆటోనగర్లో బ్రేకుల మధ్యే జీవితమంతా గడిపిన మనిషి ఇంట్లో ఉంటే నీకు బాబ్జీ కావాల్సివచ్చాడు. సరే, ఆ సంగతి వదిలేస్తున్నాను.

మీ నాన్న కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "డిస్కులు కాలినట్టున్నాయే" అని ఫోన్ నా చేతిలో పెట్టి వరండాలోకి వెళ్లిపోయారు. ఇక లెక్క చూడాల్సింది నేనేగా. షాపులో బిల్లుబుక్కు ఎప్పుడైనా ఆయన ముట్టుకున్నారా?

మొత్తం 12,791 రూపాయలు. అందులో ముందు చక్రాలతో పాటు తిరిగే డిస్కులు రెండూ కలిపి 5,300, వాటిని నొక్కి పట్టే ప్యాడ్ల సెట్టు 2,180, బ్రేక్ ఆయిల్ 460. డిస్కు ఒక్కటే మార్చకుండా జత మార్చారు, అది పద్ధతే. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకి లాగుతుంది. కానీ మార్చేముందు మందం కొలిచారా? ఇంతకంటే అరిగితే పనికిరాదని డిస్కు మీదే మిల్లీమీటర్లలో చెక్కి ఉంటుంది. అంతకంటే తగినంత ఎక్కువ ఉండి, పగుళ్లు లేకపోతే లేత్ మీద పెట్టి సాపు చేయించుకోవచ్చు. పగిలినా, కాలి నీలంగా మారినా మార్చాల్సిందే. ఆ మాట వాళ్లు నీకు చూపించి చెప్పారా, నువ్వు ఫోన్ చూసుకుంటూ ఏసీ గదిలో కూర్చున్నావా?

నాకు నచ్చనిది లేబర్. ప్యాడ్లు మార్చినందుకు 700, డిస్కులు మార్చినందుకు 900, బ్రేక్ క్లీనింగ్ అని 650. డిస్కు తియ్యాలంటే చక్రం ఊడదియ్యాలి, ప్యాడ్లని పట్టుకుని ఉండే కాలిపర్ తియ్యాలి, అప్పుడు ప్యాడ్లు ఎలాగూ చేతికొస్తాయి. ఒకే చక్రాన్ని మూడుసార్లు ఊడదీసినట్టు రాశారు. వెనక చక్రాల బ్రేకు డ్రమ్ములు కూడా విప్పి దుమ్ము దులిపి ఉంటే ఆ 650 ఇవ్వచ్చు, తప్పు లేదు. విప్పారో లేదో అడుగు. క్లీనింగ్ స్ప్రే అని 350 వేరే ఉంది, దాని కింద 'ఇతరములు' అని మరో 300. ఇతరములంటే ఏమిటి, వేస్టు గుడ్డలా? ఆయిల్ మార్చి ఎయిర్ తీసినందుకు మాత్రం విడిగా వెయ్యలేదు, అంతవరకు మంచివాళ్లే.

జీఎస్టీ నంబరు 37తో మొదలైంది, మన రాష్ట్రానిదే. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు సామాన్లన్నిటికీ 18 శాతమే కాబట్టి శాతం కూడా సరిపోయింది. అయితే ప్యాడ్ల డబ్బా తెప్పించుకుని చూడు. దాని మీద ఎంఆర్‌పీ 2,180 అనే ఉంటే పన్ను అందులోనే కలిసిపోయింది. దాని మీద మళ్లీ 18 శాతం వేశారంటే 392 రూపాయలు ఊరికే పోయినట్టు. డిస్కులకీ, ఆయిల్‌కీ కూడా అదే చేసి ఉంటే మొత్తం 1,429.

పాత సామాను తెచ్చుకున్నావా అసలు? మన షాపులో ఆ పద్ధతి ఎందుకొచ్చిందో నీకు గుర్తుందో లేదో. తెనాలి నుంచి ఒకాయన అంబాసిడర్ తెచ్చాడు, వేరేచోట నాలుగు చక్రాల బ్రేక్ షూలకీ కొత్త లైనింగులు వేయించానని బిల్లు కూడా చూపించాడు. మీ నాన్న డ్రమ్ము విప్పితే పాత లైనింగులే, పైన ఎమెరీ కాగితంతో రుద్ది పెట్టారు, రివెట్లు బయటికి కనిపిస్తున్నాయి. అప్పటి నుంచి విప్పిన ప్రతి ముక్కా పేపర్లో చుట్టి బండివాళ్లకే ఇచ్చేవారు. ఒకసారి ఉయ్యూరు వాళ్లెవరో తెల్లబట్టలు కట్టుకుని నిశ్చితార్థానికి వెళ్తూ మధ్యలో బ్రేకులు చేయించుకున్నారు. గ్రీజు పొట్లం వద్దంటే వద్దని బండి ఎక్కేశారు. మీ నాన్న ఊరుకుంటారా! గేటు దాకా పరుగెత్తి కిటికీలోంచి లోపల పడేశారు. ఎవరో పెద్దావిడ అది మిఠాయి పొట్లమనుకుని తాంబూలం పళ్లెంలో సర్దిందట. పెళ్లికూతురు వాళ్ల మేనత్త అందరి ముందూ విప్పితే నల్లటి బ్రేక్ షూలు నాలుగు! మర్నాడు వచ్చి అరిచి వెళ్లారు. పెళ్లి మాత్రం జరిగింది, శుభలేఖ కూడా ఇచ్చారు. మీ నాన్న పట్టుపంచె కట్టుకుని వెళ్లారు.

ఏం చెబుతున్నాను... ఆ, డిస్కులు. బిల్లు మీద కిలోమీటర్లు 31,212 అని ఉంది. ప్యాడ్లు నువ్వు సంక్రాంతికి వచ్చినప్పుడు ఇక్కడే మార్పించావు, అప్పటికి ఇరవైమూడు వేలు. ఎనిమిది వేలకే అరిగేంత బ్రేకు గుంటూరు బ్రాడీపేటలో ఎక్కడ వేశావు నాయనా?

పండు నాతో ఫోన్లో అన్నీ చెప్పాడు. వాణ్ణి తిట్టకు. "నానమ్మా, కొండవీడు దిగుతుంటే కారు కాలిన వాసన వచ్చింది. నాన్న అందరినీ దింపేసి నీళ్ల బాటిల్ చక్రం మీద పోసేశాడు, బుస్సుమని పొగొచ్చింది, నాకు తాగడానికి నీళ్లే లేవు" అన్నాడు. వాడి బాధ నీళ్ల గురించి.

ఎర్రగా కాగిన డిస్కు మీద చల్లనీళ్లు పోస్తే వంకరపోతుంది, పగులుతుంది కూడా. పక్కన ఆపి దానంతట అది చల్లారేదాకా కూర్చోవాలి. ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడూ అదే గేరు. బ్రేకు మీద కాలు ఆనించి పెట్టకూడదు. తేమ పట్టిన ఆయిల్ అయితే ఇంకా ప్రమాదం. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగదు, అదే తేమ పట్టాక 155కే మరగొచ్చు. మరిగితే లోపల ఆవిరి చేరి పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి ఆగదు. ఇవన్నీ నీకు తెలుసు, మీ నాన్న షాపులో స్పానర్లు అందిస్తూ పెరిగినవాడివి. అందుకే ఆయనకి ఫోటో పంపలేదు, నాకు తెలియదనుకున్నావా?

గ్యారేజీ వాళ్లతో గొడవ పెట్టుకోకు. డబ్బా చూపించమను, లేబర్ కలిపి ఒకటే వెయ్యమను, పాత డిస్కులు అడుగు. వాళ్లు ఓ వెయ్యి తగ్గించినా చాలు, తగ్గించకపోయినా పోనీ. ఆదివారం బస్సులో రండి, కారు వద్దు. కోడలికి కాళ్లవాపు తగ్గిందా? పండుకి చలికోటు కొన్నావా?

ఆ రోజు పెడల్ కిందికి దిగిపోయిందా లేదా, అది మాత్రం నాకు ఫోన్ చేసి చెప్పు. కోడలు పక్కన లేనప్పుడు చేసినా సరే.

మీ అమ్మ