అమ్మలూ, ఆ నాలుగు తీగలు వదలకు

కాకినాడ,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది. నువ్వడిగిన సున్నుండలు రేపు పంపిస్తున్నాం. ఈ ఉత్తరం ఆ డబ్బాలోనే పెడతాను.

మొన్న ఫోన్లో నువ్వన్న మాటలు రెండు నన్ను వదలడం లేదు. "మా బ్యాండ్‌లో గిటార్‌కి ఇద్దరున్నారు నాన్నా, బేస్‌కి ఎవరూ లేరని నా మెడలో వేశారు" అన్నావు. తర్వాత ఫెస్ట్‌కి ఎంచిన పాటలు చెప్పి, "మూడూ మాస్ బీట్లే, అవీ ఒక పాటలేనా, నా టేస్ట్ కాదు" అన్నావు. అప్పుడు నేను బస్టాండులో ఉన్నాను. సరిగా వినపడక ఊఁ కొట్టి పెట్టేశాను. ఇంటికొచ్చాక ఆ ఊఁ నాకే నచ్చలేదు. ముప్పై ఏళ్లుగా ఈ నాలుగు లావు తీగల బేస్ గిటార్ వాయిస్తూ, కూతురికి బేస్ చేతికొచ్చిన రోజున ఊఁ అని ఊరుకోవడమేమిటి?

నాకూ అది అలాగే వచ్చింది. 1993లో మన చర్చి క్వయర్‌లో గిటార్లు రెండు, కీబోర్డు ఒకటి. బేస్ వాయించే అన్నయ్య గల్ఫ్ వెళ్తూ ఆ బేస్‌ని చర్చిలోనే వదిలి వెళ్లాడు. నా చేతులు పొడుగని నాకిచ్చారు. ఆ రాత్రి మీ నాయనమ్మ దగ్గర అలిగి అన్నం తినలేదు. గిటార్ వాయించేవాళ్లని అందరూ చూస్తారు, నన్నెవరు చూస్తారని నా బాధ.

ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్‌లోనూ ఇదే జరిగింది. 1961లో స్టువర్ట్ సట్‌క్లిఫ్ బ్యాండ్ వదిలేశాక బేస్ తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాకపోతే పాల్ మెకార్ట్నీ తీసుకున్నాడు. అప్పటిదాకా అతను గిటార్, పియానో వాయించేవాడు. లాస్ ఏంజెలిస్‌లో కరోల్ కే అని ఒకావిడ జాజ్ గిటార్ వాయించేది. 1963లో ఒక రికార్డింగ్‌కి బేస్ మనిషి రాకపోతే ఆమె చేతిలో పెట్టారు. ఆ తర్వాత ఆ ఊళ్లో తయారైన పాటల్లో ఎన్నింటికో ఆమే బేస్. మగవాళ్లతో నిండిన స్టూడియోల్లో, పొద్దున్నుంచి రాత్రి దాకా, ఇచ్చిన ప్రతి పాటనీ వాయించింది. ఆమె గురించి చదివినప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు.

ఇప్పుడు బేస్ ఏం చేస్తుందో చెప్తాను. నీ ఫ్రెండ్‌ని గిటార్ మీద సి మేజర్ కార్డు పట్టుకోమను. అంటే ఒకటి శ్రుతిలో స, గ, ప మూడూ ఒకేసారి. నువ్వు కింద స వాయించు. ఇల్లు చేరినట్టుంటుంది. ఫ్రెండ్ చెయ్యి కదపకూడదు. ఇప్పుడు నువ్వు కింద ద వాయించు. అదే స గ ప, అవే వేళ్లు, కానీ పాట ముఖం మారిపోతుంది. గదిలో లైటు తగ్గించినట్టు దిగులుగా అవుతుంది. కీబోర్డు వాళ్లు దాన్ని ఎ మైనర్ సెవెన్ అంటారు. పైన వాయించేవాళ్లు ఏమీ మార్చలేదు, మార్చింది నువ్వు. పైన మోగేదానికి అర్థం కింది స్వరం ఇస్తుంది.

ఇది నేను పుస్తకంలో నేర్చుకోలేదు, ఒక క్రిస్మస్ రాత్రి తప్పు చేసి నేర్చుకున్నాను. స్టేజీ మీద చలి, వేళ్లు బిగుసుకుపోయాయి. రెండో చరణం మొదట్లో రెండో లావు తీగ మీద మూడో ఫ్రెట్ (వీణకి మెట్టులాంటిది) నొక్కాలి, అది స. వేలు ఫ్రెట్ దాకా వెళ్లింది గానీ నొక్కు పడలేదు. కుడిచేయి మాత్రం తీగ మీటేసింది. ఉత్త తీగ మోగింది, అంటే ద. పాడుతున్న అక్కయ్య గొంతు సగంలో తడబడింది. కీబోర్డు అబ్బాయి తప్పు తనదేననుకుని తన వేళ్లకేసి చూసుకున్నాడు. గిటార్ వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నా వైపు ఒక్కరూ చూడలేదు. బేస్ ఎవరికీ వినపడదు అంటావు కదా, ఆ రాత్రి ఎనిమిది మందినీ ఒక్క క్షణం దారి తప్పించింది అదే.

సరిగ్గా దీనికి ఎదురు సంగతి ఒకటుంది. మన కీర్తనల పుస్తకంలో కీర్తన పైన రాగం, తాళం రాసి ఉండడం నువ్వు చూశావు. నేను కొత్తగా కార్డులు నేర్చుకున్న రోజుల్లో మోహన రాగంలో ఉన్న ఒక కీర్తనకి నా తెలివంతా చూపించాను. పాట ఒక స్వరం మీద నిలబడినప్పుడల్లా కింద నేను స నుంచి మ కి, అక్కడినుంచి ప కి నడిచేవాణ్ని. అయ్యాక ముందు వరుసలో కూర్చునే పెద్దాయన ఒకాయన నన్ను పక్కకి పిలిచారు. చిన్నప్పుడు హరికథలకి హార్మోనియం వాయించిన మనిషి. "బాబూ, మోహనలో మధ్యమం లేదు. నువ్వు దాన్ని కింద నుంచి తెచ్చి పెడుతున్నావు. పాడేవాళ్లకి కాళ్ల కింద నేల కదులుతోంది. నువ్వు తంబురాలాగా ఉండు" అన్నారు.

ఆ మాటకి వారం రోజులు రగిలిపోయాను. తర్వాతి ఆదివారం స, ప రెండే పట్టుకుని కూర్చున్నాను, కోపంతోనే. రెండో చరణానికి కోపం పోయింది. గొంతులు అంత నిబ్బరంగా నిలబడడం అంతకుముందు నేను వినలేదు. "శ్రుతిర్మాతా, లయః పితా" అని మనవాళ్లు ఊరికే అనలేదు. బేస్ చేతిలో ఆ ఇద్దరూ ఉంటారు.

ఇక టేస్ట్ సంగతి. అసలు నేను కాగితం పట్టుకున్నది దీనికోసమే.

నీ వయసులో నాకు తెలిసిన మంచి సంగీతం ఏదో, చెత్త ఏదో గీత గీసి చెప్పేవాణ్ని. జమైకా వాళ్ల రెగ్గే చెత్త వైపు ఉండేది. ఫ్రెండ్ ఒకడు బాబ్ మార్లే క్యాసెట్ ఇస్తే ఒక వైపు విని, ఎంతసేపూ రెండు కార్డులే, నిద్రొస్తోందని తిరిగిచ్చేశాను. చాలా ఏళ్ల తర్వాత ఊరికే చేతికి పని ఉంటుందని మార్లే బ్యాండ్‌లో ఆస్టన్ బారెట్ వాయించిన బేస్ పట్టుకోబోయాను. నాలుగు దెబ్బల్లో మొదటి దెబ్బ ఖాళీ! మనం పుట్టినప్పటి నుంచి అడుగు వేసేది మొదటి దెబ్బ మీదే కదా, అక్కడ ఏమీ ఉండదు. డ్రమ్ము బరువంతా మూడో దెబ్బ మీద పడుతుంది. చూస్తే మూడు నాలుగు స్వరాలే. కానీ ఆ ఖాళీ దగ్గర నా వేలు ఆగదు, దానంతటదే మీటేస్తుంది. దాన్ని ఆపడానికి నాకు నెల పట్టింది. ఆ నెల తర్వాత అదే క్యాసెట్ కొనుక్కున్నాను.

మాస్ బీట్ విషయంలోనూ అంతే. మీ పెద్దత్త కొడుకు పెళ్లిలో ఆర్కెస్ట్రాకి బేస్ వాయించే అతను రాలేదు, నన్ను నిలబెట్టారు. ఒక పాటకి రెండే స్వరాలు. ఇదీ ఒక వాయింపేనా అనుకుంటూ మొదలుపెట్టాను. మూడో నిమిషానికి నేను పరిగెడుతున్నాను. ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ములు) వాయించే అబ్బాయి కళ్లతోనే ఆగు, ఆగు అంటున్నాడు. చేతిలో స్వరాలు తక్కువైనకొద్దీ తొందర ఎక్కువవుతుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఆ తెల్లవారుజామున ఊరేగింపులో డప్పులవాళ్ల పక్కనే నడిచాను. సెగ చూపించి బిగించిన డప్పులతో, నడుస్తూ, చెమటలు కక్కుతూ, మొదటి వీధిలో ఎంత నడకో చివరి వీధిలోనూ అంతే నడక. వెంట్రుకవాసి తేడా లేదు. వాళ్లు చేస్తున్నది నేను నాలుగు నిమిషాలు చెయ్యలేకపోయాను. దాన్ని చిన్నచూపు చూసే హక్కు నాకెక్కడిది?

అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఏ పాటనైనా బాగాలేదనాలంటే ముందు దాని బేస్ మొదటి నుంచి చివరిదాకా, అసలు స్పీడులో, తొట్రుపడకుండా వాయించాలి. వాయించాక అనొచ్చు. అలా వాయించాక కూడా నచ్చనివి నాకు ఉన్నాయి, వాటి గురించి గట్టిగానే చెప్తాను. ఈ మధ్య వస్తున్న కొన్ని పాటల్లో కాలితో వాయించే కిక్ డ్రమ్ము ఎక్కడ పడితే బేస్ అక్కడే పడుతుంది, కంప్యూటర్లో అతికించినట్టు. మొదటి నుంచి చివరిదాకా ఒకటే గట్టిగా, ఎక్కడా ఊపిరి తీసుకోదు. అవి నాకు నచ్చవు, ఎందుకు నచ్చవో స్వరం స్వరం చూపించగలను. అట్లాగే బొటనవేలితో తీగల్ని దబదబ బాదే స్లాప్ వాయింపు ప్రతి పాటలో దూర్చడం నాకు నచ్చదు. పాడే మనిషి మాట మింగేస్తుంది. నీకు నచ్చొచ్చు. వాయించి నచ్చితే నాతో వాదించు, నాకు సంతోషం.

వాయింపు గురించి కొంచెం. స్వరం మొదలుపెట్టడం అందరికీ వస్తుంది, ఆపడమే కష్టం. ఎడమ వేలు ఫ్రెట్ మీద నుంచి తియ్యకు, నొక్కు మాత్రం వదులు. తీగ చర్మానికి తగిలి ఉండగానే మోత ఆగిపోవాలి. నువ్వు ఎక్కడ ఆపావన్నదాన్ని బట్టే జనం కాలు కదుపుతారు. ఒకే స్వరాన్ని పొడుగ్గా ఒకసారి, పొట్టిగా ఒకసారి డ్రమ్ముతో కలిపి వాయించి చూడు, రెండూ రెండు పాటల్లా ఉంటాయి. డ్రమ్స్ అబ్బాయి పక్కనే నిలబడు, అతని కుడికాలు కనపడాలి.

మోత మార్చే కొత్త పెడల్స్, అయిదు తీగల బేస్ ఇప్పుడే వద్దు. అమెరికాలో డెట్రాయిట్‌లోని మోటౌన్ రికార్డుల కంపెనీ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదు. 1960ల్లో ప్రపంచమంతా ఆ పాటలకి ఆడింది, రికార్డు అట్టల మీద మాత్రం అతని పేరుండేది కాదు. 1971లో గాయకుడు మార్విన్ గే ఆల్బమ్ మీద వేశారు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. పేరు లేని ఆ పదేళ్లలో అతను వాయించిన ఒక్క స్వరం కూడా నిర్లక్ష్యంగా ఉండదు, వినిచూడు.

అయితే ఫోన్ స్పీకర్లో వినకు. బేస్‌లో లావు తీగ సెకనుకి సుమారు 41 సార్లు కంపిస్తుంది. అంత చిన్న స్పీకర్ దాన్ని పలికించలేదు. పై స్వరాల జాడని బట్టి మన చెవే కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని 80ల నాటి ఇళయరాజా పాట ఏదైనా తీసుకో. ఆయన ఒక్కో వాయిద్యానికీ స్వరాలు కాగితం మీద రాసి ఇచ్చేవారు, బేస్‌కి కూడా. మాటలు వదిలెయ్, వేణువు వదిలెయ్, కింద బేస్ ఒక్కటే పట్టుకో, చాలా పాటల్లో శశిధరన్ వాయించినది. అది రెండో గొంతులా దాని పాట అది పాడుకుంటూ వెళ్తుంది. గిటార్ ముట్టుకోకముందు దాన్ని నోటితో పాడు. నోటికి రానిది వేలికి రాదు.

నువ్వు చెప్పిన మూడు పాటలూ దింపుకున్నాను. ఆఫీసు నుంచి వచ్చాక రోజూ రెండో పాట మీద కూర్చుంటున్నాను. పల్లవి వచ్చింది. చరణం ముందు డప్పు ఒక్కటే మోగి బేస్ మళ్లీ అందుకునే చోట ప్రతిసారీ అర దెబ్బ ముందు పడుతున్నాను. నిన్న పదకొండింటి దాకా అదే చేస్తుంటే మీ అమ్మ వచ్చి చెవి దగ్గర చప్పట్లు కొడుతూ లెక్కపెట్టింది. అప్పుడు ఒకసారి సరిగ్గా పడింది, మళ్లీ పోయింది.

మీరు రిహార్సల్‌లో ఆ చోటు ఎలా అందుకుంటున్నారు? నువ్వు లెక్కపెడుతున్నావా, డప్పు చివరి దెబ్బ విని దూకుతున్నావా? ఫోన్‌లో రికార్డు చేసి పంపు. ఫోన్‌ని బేస్ ఆంప్ (స్పీకర్ పెట్టె) ముందు పెట్టు, పాట వినపడకపోయినా పరవాలేదు.

నీ నాన్న